విదేశీ వార్తల పేజీ చర్చిలకు కూడా కావాలి

ఎడిటర్ గారికి నమస్కారం.

గుణదల మేరీమాత ఉత్సవాలకు మీరు పేజీలకు పేజీలు ఇస్తారు, క్రిస్మస్‌కి కేకుల ఫొటోలు వేస్తారు, మా గుంటూరులో ఎవరు సువార్త సభలు పెట్టినా వేదిక మీద కూర్చున్న వాళ్ల పేర్లన్నీ వరసగా రాస్తారు. సంతోషం. నా గొడవ వేరే. మీ పేపర్లో విదేశీ వార్తలు రానురాను చిక్కిపోతున్నాయి. ఉన్న కాస్త చోటూ అమెరికా వీసాలకి, ఎవరో హీరోయిన్ దుబాయ్ ట్రిప్పుకి పోతోంది. సూడాన్‌లో 2023 ఏప్రిల్ 15న మొదలైన యుద్ధం, కోటి మందికి పైగా ఇళ్లు వదిలి పారిపోయిన యుద్ధం, ఎప్పుడో ఒకసారి నాలుగు లైన్లలో కనిపిస్తుంది, అది కూడా బంగారం రేట్ల పక్కన.

దీనికీ చర్చికీ ఏం సంబంధం అంటారేమో, ఉంది. నేను నర్సుగా పనిచేసి రిటైరయ్యాను, మా సంఘంలో స్త్రీల సమాజం పని చూస్తుంటాను. మిషన్ల కోసం ప్రార్థన అనే మాట మా చర్చిల్లో చాలా వాడతాం. ఆదివారం ఆరాధనలో విజ్ఞాపన ప్రార్థన దగ్గరికి వచ్చేసరికి "సర్వలోకంలో ఉన్న నీ సేవకుల కొరకు, సమస్త దేశముల కొరకు" అని ఒక్క వాక్యం, అంతే, ప్రపంచం అయిపోతుంది. తర్వాత అరగంట పిల్లల ఉద్యోగాలు, స్థలం రిజిస్ట్రేషన్లు, బీపీలు, షుగర్లు, హెచ్‌1బి వీసాలు. వీసా కోసం ప్రార్థన చేయడం తప్పని అనను, కన్నవాళ్ల టెన్షన్ కన్నవాళ్లది. కానీ మనకి తెలిసిన బాధ గురించే గొంతు పెగులుతుంది. తెలియనిదాని గురించి ఎంత భక్తి ఉన్నా ఒక్క వాక్యం మించి రాదు. అందుకే పేపర్ కావాలంటున్నాను.

ఇదేదో నేను కొత్తగా కనిపెట్టిన సిద్ధాంతం కాదు. మన గుంటూరు చరిత్రే చూడండి. ఇక్కడి సెయింట్ జోసెఫ్ హాస్పిటల్ పేరు తెలియనివాళ్లు ఉండరు, అందులో పుట్టినవాళ్లు మీ ఆఫీసులోనే ఎంతమంది ఉన్నారో. అక్కడ పనిచేసిన డాక్టర్ మేరీ గ్లోరీ గురించి ఎంతమందికి తెలుసు? ఆవిడ ఆస్ట్రేలియాలో మెల్‌బోర్న్ డాక్టరు. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో, 1915లో, ఒక చిన్న కరపత్రం ఆవిడ చేతికి వచ్చింది. ఆగ్నెస్ మెక్లారెన్ అనే స్కాట్లాండ్ డాక్టరమ్మ గురించి, మగ డాక్టరుకి చూపించుకోలేక పురుళ్లలో చచ్చిపోతున్న భారతదేశపు ఆడవాళ్ల గురించి అందులో రాసి ఉంది. అది చదివి మోకరించింది, తన జీవితం దేనికో అప్పుడే తేలిపోయిందని తర్వాత తనే చెప్పుకుంది. వెంటనే ఓడ ఎక్కలేదు, ఇంకా చదువుకుంది, పై డిగ్రీ తీసుకుంది, 1920లో గుంటూరు వచ్చి హాలండ్ నుంచి వచ్చిన జె.ఎం.జె. (జీసస్ మేరీ జోసెఫ్) సిస్టర్లలో చేరింది. ఆ తర్వాత ముప్పై ఏళ్లకు పైగా మన దగ్గరే. మన ఆడపిల్లలకి నర్సు పని, మంత్రసాని పని, మందులిచ్చే పని నేర్పింది. 1943లో దేశంలోని క్యాథలిక్ ఆసుపత్రులన్నిటినీ ఒక సంఘంగా కూడగట్టింది, ఇప్పుడు సికింద్రాబాద్‌లో ఆఫీసు ఉన్న క్యాథలిక్ హెల్త్ అసోసియేషన్ అదే. ఇంత పని ఎక్కడ మొదలైందంటే ఒక కరపత్రం దగ్గర. ఆ కరపత్రం వేసిన ప్రెస్సువాడికి గుంటూరు ఎక్కడుందో కూడా తెలిసి ఉండదు.

మా లూథరన్ల కథా అంతే. అమెరికా లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ 1842 జూలై 31న గుంటూరులో అడుగుపెట్టాడు, అప్పటి కలెక్టర్ స్టోక్స్ ఆయన్ని ఇక్కడే ఉండమని సాయం చేశాడు. అక్కడినుంచి స్కూళ్లు, 1885లో ఏసీ (ఆంధ్ర క్రిస్టియన్) కాలేజీ. 1883లో అన్నా కుగ్లర్ వచ్చింది. డాక్టరు చదివిన మనిషిని వైద్యం పనికి పంపడానికి అమెరికాలో వాళ్ల మిషన్ బోర్డు అప్పటికింకా సిద్ధంగా లేదు, ఆడపిల్లల బడి, ఇళ్లకి వెళ్లి ఆడవాళ్లకి చదువు చెప్పడం అప్పగించి పంపారు. ఆవిడ మందుల పెట్టె తెచ్చుకుంది. బడి పనీ చేసింది, వైద్యమూ చేసింది, చివరికి 1898లో ఆసుపత్రి తలుపులు తెరిచారు, 1930లో ఈ ఊళ్లోనే కన్నుమూసింది. కుగ్లర్ ఆసుపత్రి అని మనం అనేది ఆవిడ పేరే.

ఆ డబ్బు ఎక్కడిది అనుకున్నారు? అమెరికాలో లూథరన్ స్త్రీల మిషనరీ సంఘాలు పోగుచేసినవి. మిషనరీలు ఇక్కడినుంచి ఉత్తరాలు రాసేవాళ్లు, అవి అక్కడి మిషన్ పత్రికల్లో అచ్చయ్యేవి, అక్కడి ఆడవాళ్లు కూడికల్లో అవి చదివి గుంటూరు కోసం, రెంటిచింతల కోసం ప్రార్థన చేసేవాళ్లు, పళ్లెంలో చిల్లర వేసేవాళ్లు, కొందరి కూతుళ్లు ఏకంగా బయల్దేరి వచ్చేసేవాళ్లు. కబురు ముందు, ప్రార్థన తర్వాత, ఆ వెనక డబ్బు, చివరికి మనిషి. కబురు లేకపోతే మిగతా మూడూ లేవు.

ఇది తెల్లవాళ్లు చేసే పని, మనం బీదవాళ్లం, మనం తీసుకునేవాళ్లమే గాని పంపేవాళ్లం కాదు అనే మాట మా వాళ్ల దగ్గర ఎప్పుడూ వినిపిస్తుంది. నాకది నచ్చదు. 1903లో తిరునెల్వేలి తమిళ క్రైస్తవులు తమ సొంత డబ్బుతో మిషనరీ సంఘం పెట్టుకుని మనిషిని ఎక్కడికి పంపారో తెలుసా, మన తెలుగు నేలకే, డోర్నకల్‌కి. ఆ సంఘం పెట్టినవాళ్లలో ముఖ్యుడు అజరయ్య, తర్వాత తనే డోర్నకల్ వచ్చేశాడు, 1912లో ఆంగ్లికన్ చర్చిలో మొదటి భారతీయ బిషప్ అయ్యాడు. ఆయనకి తెలుగు మాతృభాష కాదు, నేర్చుకున్నాడు. మిజోరంలో ఇప్పటికీ ఇల్లాలు అన్నం వండే ముందు ఒక గుప్పెడు బియ్యం తీసి పక్కన పెడుతుంది, ఆ బియ్యం చర్చికి చేరుతుంది, అది అమ్మిన డబ్బుతో మిషనరీలకి జీతాలిస్తారు. వందేళ్ల నుంచీ నడుస్తున్న పద్ధతి. మిజోరం జనాభా కంటే మన పాత గుంటూరు జిల్లా జనాభా నాలుగు రెట్లకు పైనే, వరి పండేదీ మన డెల్టాలోనే. మరి బీదరికం అని ఎవరికి చెబుతాం?

అజరయ్య పేరెత్తాను కాబట్టి ఇంకొకటి. 1910లో ఎడింబరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. అక్కడ ఆయన లేచి, మీరు మాకోసం ఆస్తులిచ్చారు, ప్రాణాలిచ్చారు, మాకు ప్రేమ కూడా కావాలి, స్నేహితుల్ని ఇవ్వండి అన్నాడు. సభలో చాలామందికి ఆ మాట మింగుడు పడలేదు. తెల్లదొరలు సేవ బాగానే చేశారు, పక్కన కూర్చోబెట్టుకుని భోజనం పెట్టడానికే వెనకాడారు, ఆయన బాధ అది. ఇప్పుడు మన చర్చిల నుంచి విదేశాలకి వెళ్లొస్తున్న వాళ్లని చూస్తే నాకు ఆ మాటే గుర్తొస్తుంది. ఆఫ్రికా వెళ్తారు, వారం ఉంటారు, చిరిగిన చొక్కాల పిల్లల మధ్య కోటు వేసుకుని నిలబడి ఫొటో దిగి ఫేస్‌బుక్‌లో పెడతారు, తిరిగొచ్చాక ఊరంతా ఫ్లెక్సీలు, "అంతర్జాతీయ ప్రసంగీకులు" అని. ఆ ఫొటోలో పిల్లల్లో ఒక్కడి పేరైనా ఆయనకి తెలుసా? ఆ ఊళ్లో బావి ఉందా, బడి ఉందా? మీ విలేకరులు కూడా ఆ ఫ్లెక్సీ మీద ఉన్నదే వార్తగా రాస్తారు గాని అది అడగరు.

మా స్త్రీల సమాజంలో చేస్తున్నది చెబుతాను, గొప్పకోసం కాదు, ఎవరైనా చేసుకోవచ్చు గనక. ఏటా మార్చి మొదటి శుక్రవారం ప్రపంచ ప్రార్థన దినం అని జరుపుకుంటాం, లూథరన్లూ సీఎస్‌ఐ వాళ్లూ బాప్టిస్టులూ అందరూ కలుస్తారు. ఒక్కో ఏడు ఒక్కో దేశపు స్త్రీలు ఆ ఆరాధన క్రమం రాసి ప్రపంచానికి పంపుతారు. 2024లో పాలస్తీనా స్త్రీలు, 2025లో కుక్ దీవుల స్త్రీలు. కుక్ దీవులంటే పసిఫిక్‌లో పదిహేను దీవులు, అన్నీ కలిపి దాదాపు 15 వేల జనాభా. ఆ రోజున ఆ దేశం పటం గోడకి పెట్టి, అక్కడి వంట ఏమిటి, పంట ఏమిటి, ఆడవాళ్ల కష్టం ఏమిటి అని చెప్పుకుంటాం. ఆ ఒక్క రోజు ప్రార్థన ఎంత బాగుంటుందో. మిగతా ఏడాదంతా ఎందుకు అలా ఉండకూడదనిపించి, ఇప్పుడు పేపర్లో విదేశీ వార్త కత్తిరించి కూడికకి తెస్తున్నాం. ఒకరు చదువుతారు, మిగతావాళ్లు అడుగుతారు. సూడాన్ వార్త చదివిన రోజు పల్నాడు నుంచి వచ్చిన ఒక పెద్దావిడ, వాళ్లు ఏం తింటారమ్మా అని అడిగింది. జొన్నలు అని చెప్పాను, అది నిజమే, సూడాన్‌లో ముఖ్యమైన తిండి జొన్న, జూన్ జూలైల్లో విత్తుతారు. ఆవిడకి అంతవరకూ ఎక్కడిదో పరాయి దేశం, జొన్న అనేసరికి పక్క ఊరైపోయింది. "అయ్యా, తుపాకులోళ్లు పొలాల్లోంచి పోవాలి, విత్తనం అదును తప్పకూడదు" అని ప్రార్థన చేసింది. థియాలజీ చదివిన వాళ్ల నోటి నుంచి అంత సూటి ప్రార్థన నేను వినలేదు.

అయితే పేపర్ చాలనిది కూడా ఉంటుంది. గల్ఫ్‌లో మన ఆడవాళ్లు ఎంతమంది లేరు, నర్సులుగా, ఇళ్లలో పనికి. కువైట్ సిటీలో నేషనల్ ఇవాంజెలికల్ చర్చి ఆవరణలో ఎన్నో భాషల సంఘాలు కూడుకుంటాయి, మన తెలుగువాళ్లూ ఉన్నారు. అక్కడి హాస్పిటల్లో నైట్ డ్యూటీ చేసి, పక్క గదిలో ఫిలిప్పీన్స్ పిల్లకి జ్వరమొస్తే గంజి కాచి ఇచ్చే గుంటూరు నర్సు మిషనరీ కాదా? ఆవిణ్ణి మాత్రం మనం డబ్బు పంపే మనిషిగానే చూస్తాం, మందిరానికి ఫ్యాన్లు, మైకు సెట్టు ఆవిడ పేర వస్తాయి. ఆవిడకి వారం వారం ఫోన్ చేసి అక్కడి సంగతులు అడిగి, ఆ సంగతుల కోసం ప్రార్థన చేసే సంఘం ఎక్కడుంది? ఫ్యాన్ రెక్క మీద పేరు రాయించడం మాత్రం మర్చిపోం.

ఇక మీ పాఠకుల్లో చాలామందికి ఇప్పటికే అనుమానం వచ్చి ఉంటుంది, మిషన్ అంటే మతం మార్చడమే కదా అని. దాటవేయను. సాయాన్ని ఎరగా చేసిన వాళ్లు ఉన్నారు, అది సేవ కాదు, నాకూ ఒళ్లు మండుతుంది. కానీ ఒంగోలు కథ తెలుసుకోండి. 1876–78 కరువులో జనం ఆకలితో రాలిపోతుంటే బాప్టిస్టు మిషనరీ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకున్నాడు. ఆయన అమెరికాలో సర్వేయరు పని చేసినవాడు, కొలతలు తెలుసు. జనానికి పని ఇచ్చి, కూలి ఇచ్చి బతికించాడు. ఆ కరువు పనులు సాగినన్నాళ్లూ, మమ్మల్ని కలుపుకోండి అని జనం వస్తూనే ఉన్నా బాప్తిస్మాలు ఆపేశాడు, తిండి కోసం వచ్చారన్న మాట రాకూడదని. సాయం ఆగిపోయాకే మళ్లీ మొదలుపెట్టాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది అని మా వాళ్లు ఆ అంకె ప్రసంగాల్లో తెగ చెబుతారు, దాని ముందు ఆపిన ఆ నెలల సంగతి మాత్రం చెప్పరు. అలాగే క్లౌ పేరు చెబుతారు, అంతకుముందే పల్లె పల్లెకీ కాలినడకన తిరిగి సువార్త చెప్పిన మన తెలుగువాడు ఎర్రగుంట్ల పేరయ్య పేరు ఎంతమంది చెబుతారు? ఇది పక్కదారి అనుకోండి, కానీ రాయకుండా ఉండలేకపోయాను.

డబ్బు సంగతి కొంచెం. విదేశీ మిషన్ ఫండ్ అని కానుక ఎత్తే ముందు ఆడిటర్ని అడగండి. బయటినుంచి డబ్బు రావాలంటే విదేశీ విరాళాల చట్టం ఎఫ్‌సీఆర్‌ఏ ఉంది, దానికి ఢిల్లీ స్టేట్ బ్యాంకులో ఖాతా ఉండాలి, అది చాలామందికి తెలుసు. ఇక్కడి ట్రస్టు డబ్బు బయట ఖర్చుపెడితే ఆదాయపు పన్ను మినహాయింపు దగ్గర తకరారు వస్తుందని మాత్రం కమిటీల్లో సగం మందికి తెలియదు. టూరిస్టు వీసా మీద వెళ్లి బోధించడం కూడా చాలా దేశాల్లో నేరం, మన దేశంలోనూ అది కుదరదు. కాబట్టి మనిషిని పంపాలంటే నర్సుగానో టీచరుగానో సరైన కాగితాలతో వెళ్లేవాళ్లని ప్రోత్సహించండి. లెక్కలు నోటీసు బోర్డు మీద పెట్టండి.

అసలు పంపకుండానే చేయగలిగిన సేవ మన గుమ్మం ముందే ఉంది. వడ్డేశ్వరం, నాగార్జున యూనివర్సిటీ వైపు ఆఫ్రికా దేశాల నుంచి వచ్చిన విద్యార్థులు కనిపిస్తుంటారు. వాళ్లలో ఆదివారం చర్చి వెతుక్కునేవాళ్లు ఉన్నారు, ముస్లింలు ఉన్నారు, ఏదీ పట్టనివాళ్లూ ఉన్నారు. ఇల్లు అద్దెకి అడిగితే మనవాళ్లు మొహం మీదే తలుపేస్తారు, బస్సులో పక్క సీటు ఖాళీగా ఉన్నా కూర్చోరు. అందులో చర్చికి వెళ్లే ఓనర్లూ ఉన్నారని నాకు తెలుసు, వాళ్ల గేటు మీద వాక్యం రాసి ఉంటుంది. ఆఫ్రికా కోసం ఉపవాస ప్రార్థన పెట్టి, ఆఫ్రికా పిల్లాడికి గది ఇవ్వని ఊళ్లో మిషన్ అనే మాట ఎత్తడానికి నాకైతే సిగ్గుగా ఉంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్, పాయకాపురం మునిగినప్పుడు గుంటూరు చర్చిల కుర్రాళ్లు పులిహోర పొట్లాలు, మంచినీళ్ల బాటిళ్లు మోసుకుని నడుముల లోతు నీళ్లలో తిరిగారు, మసీదుల వాళ్లూ గుడుల వాళ్లూ పక్కనే ఉన్నారు, ఎవరూ ఎవర్నీ నువ్వేం మతం అని అడగలేదు. చేతనవుతుంది మనకి, చేయలేక కాదు.

ఎడిటర్ గారూ, మిమ్మల్ని అడిగేది పెద్దదేమీ కాదు. వారానికి ఒక్క రోజైనా ఒక దేశం గురించి అరపేజీ ఇవ్వండి, యుద్ధం ఎవరు గెలుస్తున్నారని కాదు, అక్కడి జనం ఎలా బతుకుతున్నారని. అక్టోబరులో చివరి ఆదివారానికి ముందు ఆదివారం క్యాథలిక్‌లు ప్రపంచమంతా మిషన్ ఆదివారం జరుపుకుంటారు, పదకొండో పయస్ పోపు 1926లో మొదలుపెట్టింది. ఆ వారం విజయవాడ, గుంటూరు ఎడిషన్లలో మేరీ గ్లోరీ మీద, కుగ్లర్ మీద ఒక మంచి వ్యాసం రాయించండి, ఫొటోలు ఆసుపత్రుల గోడల మీదే ఉంటాయి, వెళ్లి అడగాలి అంతే. పాస్టర్లకి, ఫాదర్లకి చెప్పేది ఒకటే, ఆరాధనకి ముందు సెక్రటరీ నోటీసులు చదివేటప్పుడు ఒక దేశం పేరు, అక్కడి ఒక ఇబ్బంది, మూడు వాక్యాలు చదివించండి, సండే స్కూల్ పిల్లలకి ఆ పని అప్పగిస్తే ఇంకా బాగా చేస్తారు. విదేశీ విద్యార్థుల్ని భోజనానికి పిలవాలనుకునే కుటుంబాలు ముందు వాళ్ల కాలేజీ ఇంటర్నేషనల్ ఆఫీసులో అడిగి, వాళ్లు తినేది తినంది కనుక్కుని పిలవండి, తెలిసినవాళ్లు తోడుంటే పిల్లలకీ భయం ఉండదు. మన గుంటూరు కారం మొదటి రోజే పెట్టకండి.

ఉత్తరం పొడుగైంది, చోటు లేకపోతే మా స్త్రీల సమాజం సంగతి తీసేయండి, అద్దె ఇళ్ల సంగతి మాత్రం కత్తిరించొద్దు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ నర్సు,
గుంటూరు